పీపీ తాతని తయారుచేసినవాళ్ళు

రాయగడలో ఆ ఆదివారం మ్యాట్నీకి ప్రవీణ టికెట్ కొన్నది సినిమా చూడటానికి కాదు. హాలు వెనకగోడకి ఆనుకుని నిలబడి, పాట మొదలవగానే ఎంతమంది లేచి బయటికి పోతారో లెక్కపెట్టడానికి. మొదటి పాటకి నలభై ఒక్కమంది లేచారు. బీడీ కోసం కొందరు, ఒంటికి పోవడానికి కొందరు, ఊరికే కాళ్ళు చాపుకోవడానికి కొందరు. కూర్చున్నవాళ్ళయినా వింటున్నారా అంటే అదీ లేదు. ముందు వరసల్లో కుర్రాళ్ళు హీరోయిన్ నడుము తెరమీద కనిపించినప్పుడల్లా ఫోన్లు పైకెత్తి ఆ ముక్క వీడియో తీసుకుంటున్నారు. ఒకడు తాను తీసిన ముక్కని అక్కడికక్కడే పెద్దది చేసి పక్కవాడికి చూపిస్తున్నాడు. గుట్కా వాసన, చెమట మీద కొట్టుకున్న సెంటు వాసన, వాళ్ళ నవ్వు అన్నీ కలిసి ప్రవీణకి అసహ్యం పుట్టించాయి.

ఆ నలభై ఒక్కమందీ తోసుకుంటూ బయటికి పోతుంటే, ఒకే ఒక్క మనిషి వాళ్ళకి ఎదురు లోపలికి వచ్చాడు. అరవైకి దగ్గరపడిన వయసు. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, చారల చొక్కా, భుజాన తువ్వాలు. ఓ మూల నిలబడి తలొంచుకున్నాడు. తెర వైపు చూడనే లేదు. పాట అయినంతసేపూ నేల చూస్తూ అలాగే ఉన్నాడు. పాట అయిపోయి తెరమీద జీపులు గాల్లోకి లేవగానే, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. రెండో పాటకీ అంతే. మూడో పాటకీ అంతే.

ప్రవీణ సునాబెడ ఫ్యాక్టరీ కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి త్రినాథరావు అక్కడ మెషినిస్టు. తాతలది శ్రీకాకుళం వైపు పల్లె. కోరాపుట్‌లో హాస్టల్లో ఉండి జర్నలిజం ఎమ్మే చదువుతోంది. చివరి సంవత్సరం ప్రాజెక్టుకి అందరూ గనులనీ నిర్వాసితులనీ ఎంచుకుంటే ఈమె మాత్రం సినిమా ఎంచుకుంది. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో సినిమా ఎవరు చూస్తున్నారు, పాట ఎవరు వింటున్నారు, ఎలా వింటున్నారు అన్నది ఆమె ప్రశ్న. ఇరవై నాలుగు ప్రశ్నల ఫారం ఒకటి తయారుచేసుకుని మూడు నెలలుగా బస్సులూ రైళ్ళూ పట్టుకు తిరుగుతోంది.

మొదలుపెట్టినప్పుడు ఆమెకి సినిమా అంటే ఇష్టం. తిరిగినకొద్దీ ఆ ఇష్టం పులిసిపోతూ వచ్చింది. బొయిపరిగుడ సంతలో ఫోన్లు బాగుచేసే కన్నయ్య కొట్లో సగం రోజు కూర్చుంది. పాటలు ఎక్కించుకోడానికి వచ్చినవాళ్ళు ఏం అడుగుతారో రాసుకోవాలని. పాటలు అడిగినవాళ్ళు నలుగురే. మిగతావాళ్ళు ఆడపిల్ల అక్కడ కూర్చుందని చూసి, కన్నయ్య చెవిలో ఏదో గొణిగి, ముసిముసిగా నవ్వుకుంటూ ఫోన్లు ఇచ్చి పోయారు. మునిగుడ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద బెంచీ వెనక నిలబడి, ఒక్కొక్కరు ఒక్కో వీడియో ఎంతసేపు చూస్తున్నారో గడియారం పెట్టి కొలిచింది. పదకొండు సెకన్లు. ఎంత మంచి పాటైనా పదకొండు సెకన్లే. బొటనవేలితో పైకి తోసెయ్యడమే. రాసుకున్న కాగితం చూసుకుంటే ఆమెకే చిరాకేసేది.

అందుకే రాయగడ హాల్లో ఆ ఒక్క మనిషి కనపడగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంటర్వెల్లో గేటు దగ్గర టికెట్లు చింపే లక్ష్మణుణ్ణి పట్టుకుని ఆయనెవరని అడిగింది.

“ఆయనా? అసిరయ్య. గుణుపురం అవతల నుంచొస్తాడమ్మి. ఫైటింగులొస్తే బయట, పాటొస్తే లోపల. ఒక్క టికెట్టుకి ఆరుసార్లు గేటు తియ్యాల నాను. తిడదామంటే మొకం సూసి తిట్టబుద్దెయ్యదు.”

అసిరయ్య హాలు పక్క టీ కొట్టు బల్లమీద కూర్చుని ఉన్నాడు. ప్రవీణ వెళ్ళి పక్కన కూర్చుని ఫారం తీసింది.

“బాబాయ్, మీరు సినిమాకి దేనికోసం వస్తారు? హీరో, కథ, ఫైట్లు, డాన్సులు. వీటిల్లో ఒకటి చెప్పండి.”

ఆయన ఫారం వంక చాలాసేపు చూశాడు. “ఇందల నాక్కావలసింది లేదమ్మి.”

“పాటలా?”

“పాటంటే పాట కూడా కాదు. పాడీవోడు ఓ మాట పాడి ఊపిరి తీసుకుంటాడా? ఆ మద్దెన ఖాళీ ఉంటాది. ఆ ఖాళీల ఒకడు ఏణువూదుతాడు. పదిమంది ఫిడేళ్ళు కోస్తారు. ఆళ్ళ పేర్లు తెరమీదెయ్యరు. ఆళ్ళ మొకం ఎవులికీ తెలీదు. నాను ఆళ్ళ కోసం వస్తాను.”

ప్రవీణ పెన్ను పక్కన పెట్టేసింది. ఫోను తీసి, వీడియో తీసుకోవచ్చా బాబాయ్ అని అడిగింది. “తీసుకో, నాదేటి పోతాది” అన్నాడు. హాలు వెనక, జనం లేని చోట, చప్టా మీద కూర్చోబెట్టి పదకొండు నిమిషాలు తీసింది.

ఆయన పుట్టింది టెక్కలి వైపు. పదేళ్ళప్పుడు తండ్రి కౌలుకి భూమి దొరుకుతుందని గుణుపురం తీసుకొచ్చాడు. పొలం పక్కన ఒక ఒడియా మాస్టారి ఇల్లు. ఆయనకి రేడియో ఉండేది. పిల్లాణ్ణి లోపలికి రానిచ్చేవారు కాదు. కంచె ఇవతల గేదెలు కాసుకుంటూ వినేవాడు. అంత దూరానికి మాటలు సరిగ్గా వినపడేవి కావు. రాగం ఒక్కటే కంచె దాటి వచ్చేది. “అందుకే నాకు పాటల మాటలు రావమ్మి. ఒక్క పాటా పాడలేను. ఫిడేలొక్కటే తెలుసు” అని, ఏదో పాత పాటలో రెండో చరణానికి ముందు వచ్చే ఫిడేళ్ళు నోటితో అనుకరించి చూపించాడు. ముందు పళ్ళు రెండు లేవు. పెదాల సందులోంచి ఆ ధ్వని సన్నగా, వణుకుతూ వచ్చింది. కుడిచెయ్యి గాల్లో ఫిడేలు కమాను లాగుతోంది. ఎక్కడో ఒకచోట స్వరం కిందికి దిగింది. దాంతోపాటు ఆయన కళ్ళమ్మట నీళ్ళు దిగాయి. సిగ్గుపడలేదు. తువ్వాలుతో తుడుచుకుని, “ఇక్కడే అమ్మి, ఎప్పుడూ ఇక్కడే” అన్నాడు.

ఆ వారంలోనే ప్రవీణ గుణుపురం వెళ్ళి వాళ్ళింట్లో రెండు పూటలు భోంచేసింది. భార్య గురువమ్మ పొలం పనంతా తన చేతుల మీద నడిపించే మనిషి. మొగుడి పాటల పిచ్చి ఆమెకి కొత్త కాదు.

“నన్ను పెళ్ళిసూపులకని బయల్దేరి వచ్చేడమ్మి ఈ మనిసి. మా ఈది సివర సోడా కొట్ల రేడియో మోగతందంట. అక్కడే నిలబడి ఇనీసి, అట్నుంచి అటే ఎల్లిపోనాడు. మా నాన్న రెండోసారి కబురెట్టేడు” అని చెప్పి పడిపడి నవ్వింది. అసిరయ్య కూడా నవ్వాడు. ఆ ఇంట్లో ఎగతాళి ఉంది కానీ అందులో విషం లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. తరవాత జరిగినదానికి మొదటి చెయ్యి ప్రవీణదే. ఆ మాట ఆమె తరవాత ఎవరు అడిగినా దాచకుండా చెప్పేది.

పదకొండు నిమిషాల్లోంచి నలభై సెకన్లు కోసి తన పేజీలో పెట్టింది. ఫిడేలు అనుకరించి కన్నీళ్ళు పెట్టుకునే ముక్క. పైన మంచి మాటే రాసింది, ఇలాంటి శ్రోతలు ఇంకా ఉన్నారని. రెండు రోజుల్లో విశాఖపట్నం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. పేరు విష్ణువర్ధన్. ‘గోలగోల టాక్స్’ అనే చానల్ నడుపుతున్నాడు. కొత్త సినిమా విడుదలైన రోజున హాళ్ళ బయట జనం నోటిముందు మైకు పెట్టి మాట్లాడించే చానల్.

“మేడం, మీకు మంచి కన్నుంది. ఆయన్ని మేం ప్రపంచానికి చూపిస్తాం. వీడియోలో మీ పేరు వేస్తాం. ఒరిజినల్ పంపించండి చాలు.”

ప్రవీణకి ఒళ్ళు పొంగింది. మూడు నెలలుగా ఫారాలు నింపుతున్నా నీకు మంచి కన్నుందని ఒక్కరూ అనలేదు. మొత్తం పదకొండు నిమిషాలూ పంపించేసింది. అసిరయ్యని అడగాలని కూడా తోచలేదు. వీడియో తీసేటప్పుడు ఒప్పుకున్నాడు కదా అనుకుంది.

నాలుగో రోజున హాస్టల్లో ఆమె స్నేహితురాలు సస్మిత ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సస్మితది జయపూరు, ఒడియా పిల్ల. ఇద్దరూ మంచం మీద కూర్చుని చూశారు. అసిరయ్య నోరు తెరమీద ఇంత పెద్దది చేశారు. పళ్ళ సందు దగ్గర ఎర్ర బాణం గుర్తు. ఫిడేలు రాగం తీసేసి, ఆ చోట గాడిద ఓండ్ర పెట్టారు. కళ్ళమ్మట నీళ్ళు దిగే చోట కుళాయి బొమ్మ. కింద పెద్ద అక్షరాలతో ‘ఒడిశా అడవిలో దొరికిన పీపీ తాత’.

ముందు నవ్వింది ప్రవీణే. గాడిద ఓండ్ర సరిగ్గా చెయ్యి కమాను లాగినప్పుడే వచ్చేలా కుదిర్చారు. నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. తెలుగు రాని సస్మితకీ ఆ నవ్వు అంటుకుంది. అయిపోయాక సస్మిత ఒడియాలో అడిగింది: “ఈయన నిజంగా ఏం చెబుతున్నాడు?”

ప్రవీణ చెప్పబోయింది. కంచె, మాస్టారి రేడియో, పేరు లేని ఫిడేలు వాళ్ళు. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. అప్పుడు మొదలైంది ఆమెకి అసహ్యం. హాల్లో కుర్రాళ్ళని చూస్తే కలిగిన అసహ్యం లాంటిది కాదు. వాళ్ళ నోటి వాసన తన నోట్లోంచే వస్తున్నట్టు అనిపించింది. లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, వీడియో కింద రాసినవన్నీ చదవడం మొదలుపెట్టింది. అలాంటివి చదవకూడదని ఆమెకి తెలుసు. చదివింది. ‘ముసలోడికి గడ్డి పెట్టండిరా.’ ‘అడవి మనుషులు కూడా రివ్యూలు చెప్తున్నార్రా బాబూ.’ ‘తాతా, హీరోయిన్ని చూసి కూడా పీపీ ఊదుతావా?’ వేలకొద్దీ ఉన్నాయి. కొన్ని పేర్ల పక్కన పెళ్ళిఫోటోలు, పసిపిల్లల ఫోటోలు, దేవుడి ఫోటోలు ఉన్నాయి. ప్రేక్షకులంటే ఎవరని మూడు నెలలుగా వెతుకుతోంది ఆమె. వీళ్ళే.

విష్ణువర్ధన్‌కి ఫోన్ చేసి తీసెయ్యమంది.

“అదేంటి మేడం, ఆయన హిట్టయ్యాడు! మీరు సంతోషించాలి. మొదట్లో మేం మొత్తం పెట్టాం, ఆ ఫిడేలు గోల ఎవడూ చూళ్ళేదు. జనానికేం కావాలో జనమే చెబుతారు. మనం ఇస్తాం. అంతే.”

“ఆయన్ని అడిగారా?”

“మీరడిగారా మేడం?” అన్నాడు విష్ణువర్ధన్. మర్యాదగానే అన్నాడు.

మర్నాడే బస్సెక్కి ఆమె గుణుపురం పరిగెత్తింది. ఆయన కాళ్ళు పట్టుకుందామనుకుంది, పోలీసు కంప్లైంటు ఇద్దామనుకుంది, దారంతా ఏవేవో అనుకుంది. వెళ్ళేసరికి అసిరయ్య ఇంటిముందు నులకమంచం మీద చుట్టూ పదిమందిని పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళలో ఒకడు అదే వీడియో చూపిస్తున్నాడు. గాడిద ఓండ్ర వీధి చివరికి వినబడుతోంది. అసిరయ్య మొహం వెలిగిపోతోంది.

“రామ్మి! నీ పున్నేన నన్ను దేశం దేశం సూస్తందంట. మా తమ్ముడు బరంపురం నుంచి ఫోన్ సేసేడు. పదేళ్ళై మాటల్లేవు మాకు.”

“బాబాయ్, వాళ్ళు మిమ్మల్ని వెక్కిరిస్తున్నారు. అది గాడిద…”

“తెల్సులే. నాకేటి సెవుడా? నవ్వితే నవ్వనీ. ఇన్నాళ్ళూ నాను పక్కనుంచి నడిసెల్తే ఎవులైనా తలెత్తి సూసేరా?”

గురువమ్మ లోపల్నుంచి బయటికి రాలేదు.

తరవాత నెల తిరక్కుండా పెద్ద సినిమా ఒకటి విడుదలైంది. విష్ణువర్ధన్ మనుషులు రాయగడ వచ్చి అసిరయ్యని పిలిపించారు. ప్రవీణ కూడా వెళ్ళింది. ఆపగలననుకుంది. హాలు బయట జనం కిక్కిరిసి ఉన్నారు. కటౌట్ మీద పోసిన పాలు ఎండకి విరిగి, కాళ్ళకింద జిగురుగా అంటుకుంటున్నాయి. ఆ మురుగు వాసనలో అసిరయ్య నిలబడి ఉన్నాడు. ఎవరో నల్లకళ్ళద్దాలు పెట్టారు. మెడలో బంతిపూల దండ. నెత్తిమీద రంగుకాగితం కిరీటం. ఒక కుర్రాడు వెనకనుంచి ఆయన పంచె కొంగు లాగుతున్నాడు. మరొకడు సోడా బుడ్డి ఊపి ఆయన మొహం మీదికి చిమ్మాడు. జనం గొల్లుమన్నారు. అద్దాల మీదనుంచి సోడా కారుతుంటే ఆయనా నవ్వాడు.

మైకు పట్టుకున్న పిల్లాడు అరిచాడు: “తాతా! హీరోయిన్ నడుముకి ఏ పీపీ?”

అసిరయ్య చెయ్యి ఎత్తి కమాను లాగాడు. నోట్లోంచి ఓండ్ర తీశాడు. ఫిడేలు కాదు. వాళ్ళు వీడియోలో పెట్టిన గాడిద ఓండ్రే. నేర్చుకున్నాడు. రెండు మూడు రోజులు సాధన చేసి ఉంటాడు, అంత బాగా వచ్చింది.

ప్రవీణ మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది. అప్పుడే హాలు తలుపు సందులోంచి లోపల మొదటి పాట మొదలైన చప్పుడు వినిపించింది. ముందుగా వేణువు ఒక్కటే. పలచగా, ఆ గోలలోంచి కూడా తెలుస్తోంది. లక్ష్మణుడు అలవాటుకొద్దీ గేటు కొద్దిగా తెరిచి, ఈయన వైపు చూస్తున్నాడు.

“బాబాయ్, పాటొచ్చింది. రండి, లోపలికి పోదాం.”

“ఉండమ్మి, కెమెరా ఉన్నాది కదా.”

“వేణువు బాబాయ్. వినండి.”

“ఇన్నానులే. తరవాతింటాను. సెయ్యొదులు, పూలదండ తెగిపోతాది.”

ఆమె చెయ్యి వదిలింది. లక్ష్మణుడు కాసేపు చూసి గేటు మూసేశాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఆ ఫోన్లలో ఆమె కూడా పడింది. రాత్రికల్లా ‘పీపీ తాతకి లవర్ దొరికింది’ అని మరో వీడియో వచ్చేసింది. దాని కింద ఆమె గురించి రాసిన మాటలు తండ్రి త్రినాథరావు దాకా వెళ్ళాయి.

త్రినాథరావు కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. ఫోన్ చేసి ఇబ్బందిగా నవ్వుతూ, “మా ఫ్యాక్టరీల అందరూ సూసేరమ్మి. సరదాకి సేసేర్లే, ఎవులూ తప్పుగా అనుకోరు. ఆ ముసలాడు మాత్రం బలే నవ్విస్తన్నాడు” అన్నాడు. ప్రవీణ ఫోన్ పెట్టేసింది. చిన్నప్పుడు తనని భుజాల మీద కూర్చోబెట్టుకుని సినిమాకి తీసుకెళ్ళిన తండ్రి కూడా ఆ వేలమందిలో ఒకడు.

అసిరయ్యని విశాఖపట్నంలో ఏదో సినిమా వేడుకకి కారులో తీసుకెళ్ళారు. స్టేజీ మీద ఓండ్ర పెట్టించారు. కొత్త చొక్కా కుట్టించి ఇచ్చారు. గుణుపురం సంతలో పిల్లలు వెంటబడి పీపీ పీపీ అని అరిచేవారు. ఆయన వెనక్కి తిరిగి ఓండ్ర పెట్టేవాడు. గురువమ్మ సంతకి వెళ్ళడం మానేసింది. వంకాయలూ బెండకాయలూ అమ్మకానికి పొరుగింటివాళ్ళ చేత పంపించేది.

రెండున్నర నెలలు ఇలా సాగింది. ఆ తరవాత విష్ణువర్ధన్‌కి కోటియా వైపు ఎక్కడో, పెళ్ళిలో తాగి డాన్సు చేసే ఒకావిడ దొరికింది. జనానికి ఆమె నచ్చింది. అసిరయ్య ఫోన్ చేస్తే వాళ్ళు ఎత్తడం మానేశారు. పీపీ తాత కథ పదకొండు సెకన్లలాగే అయిపోయింది.

అప్పుడు ఆయన ప్రవీణకి ఫోన్లు మొదలుపెట్టాడు.

“అమ్మి, కొత్తదొకటి నేర్సేను. కోడి కూత. నువ్వొచ్చి తియ్యవా?”

ఆమె వెళ్ళింది. ఫోన్ సంచిలోనే ఉంచి, తన సొంత స్పీకరు ఒకటి తీసుకెళ్ళింది. అందులో ఆయన మొదటిరోజు అనుకరించిన ఆ పాత పాటే పెట్టింది. అసిరయ్య మంచం మీద కూర్చున్నాడు. మొదటి చరణం అయింది. ఫిడేళ్ళు మొదలయ్యాయి. అర నిమిషం కూడా గడవలేదు. ఆయన కళ్ళు ఆమె సంచి వైపు వెళ్ళాయి. తరవాత చెయ్యి లేచింది. నోరు తెరిచి ఓండ్ర పెట్టి, ఎలా ఉందన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు.

గురువమ్మ వచ్చి స్పీకరు ఆపేసింది.

“నలబై ఏళ్ళు ఈ మనిసి పిచ్చితో కాపరం సేసేను. అన్నం ఒండి పెట్టి, పాటయ్యీదాకా కూకున్న రోజులున్నాయి. ఆ పిచ్చోడు నా మొగుడు. ఈడెవుడో నాకు తెల్దు. నువ్వు ఫారం అట్టుకొచ్చిన రోజునే గుమ్మంలకి రానీకుండా ఉండాల్సింది” అంది. గొంతు పెంచలేదు. అరటికాయ కూర వండింది, ప్రవీణకి పెట్టింది కూడా. అన్నం పెడుతూ మాత్రం ఆమె మొహం వైపు చూడలేదు.

ప్రవీణ ప్రాజెక్టు రాసింది. లెక్కలూ పట్టికలూ ఎన్ని ఉన్నా, ఆఖరి అధ్యాయం అసిరయ్యది. వీడియో ఎవరు తీశారో, ఎవరు పంపించారో, మొదట ఎవరు నవ్వారో పేరు పెట్టి రాసింది. గైడు మేడం చదివి, “ఇది పరిశోధనలా లేదమ్మా, ఒప్పుకోలులా ఉంది” అంది. తీసెయ్యమనలేదు.

వైవాకి బయటి ఊరినుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చాడు. ఆఖరి అధ్యాయం తిరగేసి, ఆసక్తిగా ఉంది, ఆ వీడియో ఒకసారి చూపించండి అన్నాడు. అది చూపించాల్సి వస్తుందని ప్రవీణ అనుకోలేదు. ఎవరో వెతికి గోడమీద తెరకి వేశారు. గదిలో తొమ్మిదిమంది ఉన్నారు. పేజీలకి పేజీలు చదివినవాళ్ళే. కంచె గురించీ రేడియో గురించీ తెలిసినవాళ్ళే. అసిరయ్య చెయ్యి గాల్లోకి లేచింది. ఓండ్ర పడింది. పరీక్షకుడు ముందు పెదాలు బిగబట్టాడు. తరవాత భుజాలు కదిలాయి. ఆ తరవాత గది మొత్తం నవ్వింది. వెనక వరసలో ఎవరో “ఇంకోసారి” అన్నారు.

ప్రవీణ వెళ్ళి ప్రొజెక్టర్ తీగ పీకేసింది.

“ఇదే సార్ నా ఆఖరి అధ్యాయం. ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?” అంది.

ప్రశ్నలు లేవు. మార్కులు మాత్రం తక్కువ పడ్డాయి. ప్రవర్తన సరిగ్గా లేదని కాగితం మీద రాశారట. సస్మిత మంచి గ్రేడు తెచ్చుకుని భువనేశ్వర్ వెళ్ళిపోయింది. ప్రవీణకి రెండు చానళ్ళ నుంచి ఉద్యోగం కబుర్లు వచ్చాయి. పీపీ తాతని కనిపెట్టింది మీరే కదా, అలాంటివాళ్ళని ఇంకా వెతికి పెట్టగలరా అని. అలా అడిగిన ఒకణ్ణి ఫోనులోనే నోటికొచ్చినట్టు తిట్టింది. అలా తిట్టడం జీవితంలో అదే మొదలు.

ఇప్పుడామె బిస్సమ్ కటక్‌లో ఒక ఆసుపత్రిలో చీట్లు రాసే కౌంటరులో పనిచేస్తోంది. కుయీ మాట్లాడేవాళ్ళూ, తెలుగు మాట్లాడేవాళ్ళూ, ఒడియా మాట్లాడేవాళ్ళూ అందరూ ఆ కిటికీ దగ్గరికే వస్తారు. పేరేమిటి, ఊరేమిటి, ఎన్నాళ్ళనుంచి నొప్పి అని అడిగి రాసుకోవడమే పని. సినిమాకి వెళ్ళడం మానేసింది. ఇంటికెళ్తే తండ్రి టీవీ పెట్టుకుంటాడు కాబట్టి వంటింట్లో తల్లి దగ్గర కూర్చుంటుంది.

మొన్న వానలప్పుడు, చెట్టుమీంచి పడ్డ ఒక కోండు గిరిజన రైతుని జీపులో తీసుకొచ్చారు. నొప్పికి వింతగా, సన్నగా, ఏదో పక్షి కూసినట్టు అరుస్తున్నాడు. వరండాలో కూర్చున్న కుర్రాడొకడు ఫోన్ ఎత్తాడు. ప్రవీణ కౌంటరు తలుపు తీసుకుని వచ్చి వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“ఏటి మేడం, ఒక్క నిమిషం వీడియోకేటి పోయింది?” అన్నాడు వాడు. నిజంగానే వాడికి అర్థం కాలేదు.

ఆమె వీడియో చెరిపేసి ఫోన్ వాడి ఒళ్ళో పడేసింది. ఆ తరవాత స్ట్రెచర్ రెండో పక్క పట్టుకోడానికి ఎవరూ లేకపోతే తనే పట్టుకుంది.